పెద్దల అమావాస్య నాడు పాండురంగలో

అమ్మ తన సూట్‌కేసు అడుగున, నాన్న పేరు మీద కొన్న కొత్త పంచె, ఉత్తరీయం మడత నలగకుండా సర్దుకుంది. నేనేమీ అనలేదు. మా హిందూపురం వైపు పెద్దల అమావాస్యకి పోయినవాళ్ళకి కొత్త బట్టలు పెట్టి, వాళ్ళకి ఇష్టమైనవి వండి, ధూపం వేసి దండం పెట్టుకున్నాకే ఇంట్లోవాళ్ళం విస్తరి ముందు కూర్చుంటాం. నాన్న పోయి అప్పటికి రెండేళ్ళు. 2024లో ఆ అమావాస్య అక్టోబరు 2న వచ్చింది. వియత్నాంలో చామ్ జనం కాటే పండక్కి గుడి తలుపులు తెరిచేదీ అదే రోజని తెలిశాక, ఈ ఏడు నాన్నకి బట్టలు అక్కడే పెడదాం పదరా అన్నది అమ్మే.

ఈ ఊసు మా ఇంట్లో పాతదే. నాన్న హైస్కూల్లో సోషల్ చెప్పేవారు. అట్లాసు తెరిచి వియత్నాం తీరం పొడుగునా వేలితో గీస్తూ, సముద్రానికి అవతల ఇంకో అమరావతి ఉంది, ఒక విజయ ఉంది, ఒక సింహపురం ఉంది, ఒక పాండురంగ ఉంది అని చెప్తుంటే నేను నోరు తెరుచుకుని వినేవాణ్ణి. అమ్మకి అందులో పాండురంగ ఒక్కటే గుర్తుండిపోయింది. అది పండరిపురం విఠలుడి పేరు కాదు, ఒక రాజ్యం పేరు, ఇప్పుడు దాన్ని ఫాన్ రాంగ్ అంటున్నారు అని నేను ఎన్నిసార్లు చెప్పినా, "పేరైతే అదే కదా" అనేది. నాన్న మాత్రం అక్కడికి వెళ్ళలేకపోయారు. ఆయనకి పాస్‌పోర్టు కూడా లేదు.

బయల్దేరే ముందు నేనూ కొంచెం చదువుకున్నాను. ఈ చామ్ వాళ్ళ పాత రాజ్యం పేరు చంపా. చంపా అంటే ఒకే రాజు కింద ఉన్న ఒకే రాజ్యం అనుకునేవాణ్ణి, కాదట. కొండలకీ సముద్రానికీ మధ్య సన్నటి నేల, నదికొక లోయ, లోయకొక చిన్న రాజ్యం. క్వాంగ్ నామ్ ప్రాంతం వైపు అమరావతి, దానికి కింద విజయ, న్యా ట్రాంగ్ దగ్గర కౌఠార, అన్నిటికంటే దక్షిణాన పాండురంగ. క్రీ.శ. రెండో శతాబ్దం చివరి నుంచే చైనా వాళ్ళ రాతల్లో ఈ తీరం ప్రస్తావన కనిపిస్తుంది. వీళ్ళు ఓడల మీద తిరిగే జనం, కొండల్లో దొరికే అగరు చెక్క వీళ్ళ పెద్ద సరుకు. భాషేమో మలయ్ భాషకి, సుమాత్రాలోని ఆచే భాషకి చుట్టం. మన దేశం నుంచి ఎవరూ సైన్యంతో వెళ్ళి వీళ్ళని గెలవలేదు. వ్యాపారంతో పాటు సంస్కృతం వెళ్ళింది, శివుడు వెళ్ళాడు, బ్రాహ్మీలోంచి పుట్టిన మన దక్షిణాది లిపి వెళ్ళింది, వాళ్ళకి నచ్చినవి వాళ్ళు తీసుకున్నారు. నాలుగో శతాబ్దం నాటికే ఆ లిపిలో తమ సొంత భాషనే రాయిమీద చెక్కించుకున్నారు, మలయ్, జావా, ఫిలిప్పీన్స్ భాషలున్న ఆ పెద్ద కుటుంబం మొత్తంలో ఇప్పటిదాకా దొరికిన అతి పాత రాత అదే. న్యా ట్రాంగ్ దగ్గర వో కాన్ అనే ఊళ్ళో దొరికిన సంస్కృత శాసనం అక్షరాలనైతే కొందరు పండితులు మన నాగార్జునకొండ ఇక్ష్వాకుల శాసనాలతో పోల్చి చూశారు. ఈ సంగతి నాన్న ఉండగా నాకు తెలిసుంటే ఆ సాయంత్రమంతా ఇంట్లో అదే మాటయ్యేది.

బెంగళూరు నుంచి హో చి మిన్ సిటీ, అక్కడి నుంచి రాత్రి రైలు. మేము దిగాల్సిన స్టేషన్ పేరు థాప్ చామ్, అంటే చామ్ గోపురం అని అర్థం. తెల్లారుతుండగా అమ్మ కిటికీ దగ్గర కూర్చుని బయటికి చూస్తూ చూస్తూ, "ఏమిరా ఇది, మళ్ళా మన కదిరి కాడికే వచ్చినట్లుండాది" అంది. నిజంగానే అలా ఉంది. బోడి కొండలు, నాగజెముడు పొదలు, గొర్రెల మందలు, ఎర్రటి దుమ్ము, పందిళ్ళ మీద ద్రాక్ష. వియత్నాం అంటే అంతా వరిపొలాలూ వానలూ అనుకుంటాం కానీ ఫాన్ రాంగ్ ఉన్న ఈ నిన్ థువాన్ ప్రాంతం ఆ దేశంలోకెల్లా వాన తక్కువ పడే చోటు, వాళ్ళ అనంతపురం అన్నమాట. చామ్ జనం ఎక్కువగా ఉన్నదీ ఇక్కడే. 2019 జనాభా లెక్కల్లో వియత్నాం మొత్తం మీద వాళ్ళు 1,78,948 మంది. పది కోట్ల దేశంలో అంతే.

మేము మాట్లాడి పెట్టుకున్న కారు రాలేదు. స్టేషన్ బయట గంటన్నర సామాను మీద కూర్చున్నాం, నాకు టెన్షన్, అమ్మ మాత్రం హాయిగా జనాన్ని చూస్తూ ఉంది. చివరికి మేము దిగబోయే ఇంటి అమ్మాయే తెలిసినవాళ్ళ వ్యాను పట్టుకుని వచ్చింది. కాలేజీలో చదువుతోంది, ఇంగ్లీషు బాగా మాట్లాడుతుంది. వాళ్ళ ఊరు హూ డుక్. చామ్ భాషలో ఊరిని పలై అంటారు, అమ్మమ్మని ముక్ అంటారు. ఆ ఇంట్లో డెబ్భై ఏళ్ళు దాటిన ముక్ ఉంది, ఇల్లు ఆవిడదే. చామ్ వాళ్ళలో వంశం తల్లి వైపు నుంచి లెక్క. పెళ్ళయ్యాక మగవాడే ఆడవాళ్ళింటికి వస్తాడు, ఆస్తి, ముసలి తల్లిదండ్రుల బాధ్యత, పెద్దల పూజ అన్నీ ఆఖరి కూతురికి వస్తాయి.

అమ్మకీ ముక్‌కీ కలిపి ఒక్క మాట రాదు. అయినా వచ్చిన పావుగంటకే ఇద్దరూ చాప మీద ఎదురెదురుగా కూర్చున్నారు, మధ్యలో ఆకువక్క పళ్ళెం. ముక్ తమలపాకు తీసుకుని దాని తొడిమ తుంచి, వెనక వైపు సున్నం రాసి, వక్క ముక్క పెట్టి, చిన్నగా మడిచి అమ్మకి ఇచ్చింది. అమ్మ దాన్ని చేతిలో తిప్పి చూసి, నోట్లో వేసుకుని, సున్నం ఎక్కువైందని సైగ చేసింది. ముక్ పకపకా నవ్వి ఇంకోటి కట్టింది. పో క్లాంగ్ గరాయ్ గుడి ఉన్న గుట్టని అక్కడివాళ్ళు తమలపాకుల గుట్ట అనే పిలుస్తారని ఆ అమ్మాయి అప్పుడే చెప్పింది.

గోడకి చామ్ క్యాలెండరు తగిలించి ఉంది, పేరు సకావి. నేను దాని ముందే నిలబడిపోయాను. సకావి అన్న మాట శకం లోంచి వచ్చింది. వాళ్ళ రాజుల శాసనాల్లో సంవత్సరాలన్నీ శక సంవత్సరాలే, ఉగాది నాడు నాన్న పంచాంగం చేతపట్టుకుని "శాలివాహన శకం" అని మొదలుపెట్టే ఆ లెక్కే. ఇప్పటి సకావిలో పన్నెండు జంతువుల పేర్ల సంవత్సరాలు కలిశాయి, దారిలో ఇంకా చాలా కలిశాయి, కానీ పేరు మిగిలింది. వారాల పేర్లు చెప్పమ్మా అని ఆ పిల్లని అడిగాను. అదిత్, సోమ్, అంగర్, బుత్, జీప్, సుక్, సనచర్ అని వరసగా చెప్పింది. అమ్మ ఆకు నమలడం ఆపేసింది. "మళ్ళీ చెప్పమను" అంది. రెండోసారి ఆ పిల్ల చెప్తుంటే అమ్మ వెనకాలే అందుకుంది: ఆదివారం, సోమవారం, అంగారకుడు మంగళవారం, బుధవారం... జీప్ దగ్గర ఆగింది. జీవుడంటే బృహస్పతేనమ్మా, పంచాంగంలో ఉంటుంది అన్నాను. "అవును, మీ నాయన చెప్పేవాడు" అంది. ఆ తర్వాత ముక్ ఒక్కొక్క వారం పేరు అనడం, అమ్మ తెలుగులో అనడం, ఇద్దరూ పిల్లల్లాగా ఆ ఆట రెండు మూడు చుట్లు ఆడారు.

ఆ మధ్యాహ్నమే పండగ మొదలైంది. కాటే చామ్ క్యాలెండరులో ఏడో నెల మొదటి రోజున వస్తుంది. దేవుళ్ళనీ, దేవుళ్ళైన రాజులనీ, ఇంటి పెద్దలనీ తలుచుకునే పండగ. వాళ్ళ భాషలో పండగ చేసుకోవడాన్ని "ఎంబాంగ్ కాటే" అంటారు, ఎంబాంగ్ అంటే తినడం. పెద్దలకి పెట్టి, పెద్దలతో కలిసి తినడం. దీన్ని అమ్మకి విడమర్చి చెప్పే పని నాకు పడలేదు.

ఈ పండగలో అన్నిటికంటే నన్ను కదిలించింది ఏమిటంటే, దేవుడి బట్టలు గుడిలో ఉండవు. హూ డుక్ అమ్మవారి బట్టలైతే చామ్ వాళ్ళ దగ్గరా ఉండవు. అవి కొండల్లో ఉండే రగ్లాయ్ అనే జనం దగ్గర ఉంటాయి. "చామ్ అక్క, రగ్లాయ్ చెల్లి" అని సామెత, ఆఖరి కూతురిదే కదా పెద్దల వస్తువులు కాపాడే బాధ్యత, అందుకని కష్టకాలంలో కొండల్లో దాచిన రాజవస్త్రాలు ఇప్పటికీ చెల్లెలి ఇంట్లోనే ఉన్నాయి. ఏడాదికి ఒక్కసారి, కాటే ముందు రోజు, రగ్లాయ్ పెద్దలు ఆ బట్టలు తీసుకుని కొండ దిగుతారు. మేము ఊరి మైదానంలో జనం మధ్య నిలబడ్డాం. ముందు రగ్లాయ్ వాళ్ళ కంచు పళ్ళేల మోత వినిపించింది, ఆ వెనక పల్లకీ. తెల్లబట్టలు కట్టి ఎర్రంచు తలపాగాలు చుట్టుకున్న చామ్ పూజారులు ఎదురెళ్ళారు. విసనకర్రలు పట్టుకుని ఆడపిల్లలు నాట్యం చేశారు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "వీళ్ళూ బట్టలు పెడతారా పెద్దోళ్ళకి?" అని అడిగింది. ఈ మాట నేను ముందే చదివాను, అమ్మకి చెప్పాను కూడా, కానీ చెప్పడం వేరు, పల్లకీలో బట్టలు వస్తుంటే చూడడం వేరు.

హూ డుక్‌లో ఉన్న అమ్మవారి పేరు పో ఇను నగర్. పో అంటే దేవర, ఇను అంటే తల్లి, నగర్ అంటే రాజ్యం. రాజ్యపు తల్లి.

మర్నాడు తెల్లారే పో క్లాంగ్ గరాయ్ గుడికి వెళ్ళాం. గుట్ట మీద మూడు ఎర్రిటుక కట్టడాలు, పొద్దుటి ఎండలో నిప్పులా ఉన్నాయి. వాటిలో పెద్దది మన గోపురంలాగా ద్వారం కాదు, ఆ గోపురమే గర్భగుడి. పదమూడో శతాబ్దం చివర, పద్నాలుగో శతాబ్దం మొదట్లో జయసింహవర్మ 3 అనే రాజు కాలంలో కట్టారు. గుమ్మం కమ్ములనిండా చామ్ శాసనాలు, గుమ్మం మీద ఆరు చేతుల శివుడు నాట్యం చేస్తున్నాడు. లోపల ఉన్నది ముఖలింగం, లింగానికే రాజు ముఖం చెక్కి, మీసాలు దిద్ది రంగు వేశారు. ఆయనే పో క్లాంగ్ గరాయ్. కుష్ఠురోగంతో పుట్టినవాడనీ, నాగు వచ్చి ఒళ్ళు నాకితే రోగం పోయిందనీ, రాజయ్యాక ఆనకట్టలు కట్టించి కాలువలు తవ్వించాడనీ చెప్పుకుంటారు. న్యా ట్రిన్ ఆనకట్ట ఆయనదే అంటారు, ఈ ఎండిన నేలకి ఇప్పటికీ నీళ్ళు పారుతున్న ఆనకట్ట అది. కరువు నేల నుంచి వెళ్ళినవాళ్ళం కాబట్టి, కాలువ తవ్విన రాజు దేవుడెలా అయ్యాడో మాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

తలుపు తెరవడమే ఒక పెద్ద తంతు. గుమ్మం ముందు కూర్చుని ఓంగ్ కధర్ అనే పూజారి తాబేటి చిప్పతో చేసిన రెండు తీగల వాద్యం కమానుతో వాయిస్తూ పాట పాడతాడు. ముక్ పజావ్ అనే పూజారిణి మద్యం, గుడ్లు, ఆకువక్క పెట్టి దండం పెడుతుంది. గుమ్మం మీది శివుడికి నీళ్ళు చల్లుతారు. అప్పుడు తలుపు తీస్తారు. లోపల చోటు ఇరుకు, పూజారులతో నిండిపోయింది, ధూపం పొగలో మాకు కనిపించింది సగమే. లింగానికి స్నానం చేయించి, ఆ నీళ్ళు బయటికి అందిస్తే జనం తలకీ ముఖానికీ రాసుకున్నారు, పక్కనున్న ఒకావిడ అమ్మ తలమీదా రాసింది. తర్వాత బట్టలు. ఒకదాని మీద ఒకటి, చివరికి కిరీటం. పొగ పక్కకి తొలగినప్పుడల్లా ఆ ముఖం కనిపించేది, పట్టుబట్టల మధ్య మీసాలున్న ముసలి రాజు, నిన్ననే ఊరెళ్ళొచ్చినవాడిలా.

గర్భగుడి ముందు గదిలోనే ఒక నంది ఉంది. మన లేపాక్షి నందిలాంటిది కాదు, ఇది చిన్నది. కానీ దాని మూతి దగ్గర పచ్చగడ్డి. పంట బాగా పండాలని రైతులు ఈ నందికి గడ్డి తెచ్చి పెడతారట. లేపాక్షి బసవన్న చుట్టూ చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు, పూసల దండలూ గంటలూ చూసి ఎంత బాగా చెక్కారో అని మురిసిపోయామే తప్ప, దానికి ఒక గుప్పెడు గడ్డి పెట్టాలని మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

అమ్మ ఆ కాలేజీ పిల్లని అడగమంది, ఈయన శివుడే కదా అని. నేను అడిగాను. ఆ పిల్ల కాసేపు ఆలోచించింది. "పుస్తకాల్లో శివుడనే రాస్తారు. మాకైతే ఈయన పో క్లాంగ్ గరాయ్. మాకు నీళ్ళిచ్చిన రాజు" అంది. అమ్మకి తెలుగులో చెప్పాను. అమ్మ ఏమీ నొచ్చుకోలేదు. "మన ఊరి వీరగల్లు లాగా" అంది.

నాకు మాత్రం ఆ జవాబు చాలాసేపు లోపలే తిరిగింది. మన ఫోన్లలోకి వచ్చే ఫార్వర్డ్‌లు ఉంటాయి కదా, వియత్నాంలో మన హిందూ గుళ్ళు, మనవాళ్ళు కట్టినవి అని. నేనూ నలుగురికి పంపినవాణ్ణే. అక్కడ నిలబడి చూస్తే ఆ మాట తప్పని తెలిసింది. కట్టింది వాళ్ళు, కాపాడుకున్నది వాళ్ళు, బట్టలు కొండల్లో దాచింది వాళ్ళు. శివుడు మనకి తెలిసినవాడు కాబట్టి ఆ ఇంటికి మనం చుట్టంగా వెళ్ళొచ్చు, ఇల్లు మాదేనంటూ వెళ్ళకూడదు. ఇది నేను గట్టిగా నమ్మే మాట, ఎవరికి కోపం వచ్చినా సరే.

పూజ అయ్యాక గుడి ముందు మేళం మొదలైంది. రెండు గినాంగ్ డోళ్ళు ఒకదానికొకటి ఏటవాలుగా పెట్టి వాయిస్తారు, పరనుంగ్ అని కంజిరకి పెద్దక్కలాంటి ఒంటి మొహం డప్పు, వాటి పైన సరనాయ్. పేరు వినగానే తెలిసిపోయింది కదా. మన సన్నాయికి చుట్టమే, అదే ఊపిరి ఆపకుండా సాగే గొంతు. అమ్మ కళ్ళు మూసుకుని వింది. "పెళ్ళిలో లాగా కాదు, ఏదో పిలుస్తున్నట్టుండాది" అంది.

మూడో రోజు ఇళ్ళల్లో. పొద్దున్నే ముక్ వాళ్ళింట్లో వంటలు, కోడి, అన్నం, పాయసంలాంటి తీపి వంటకం, సకాయా అని గుడ్లూ అల్లమూ వేసి ఆవిరి మీద ఉడికించే తీపి. చాప పరిచి పళ్ళేలు వరసగా పెట్టి కొవ్వొత్తులు వెలిగించారు. పూజ చేయడానికి వచ్చిన పెద్దాయన పోయినవాళ్ళ పేర్లు పిలుస్తున్నాడని ఆ పిల్ల మెల్లగా చెప్పింది. అమ్మ లోపలికి వెళ్ళి సూట్‌కేసు తెరిచి పంచె, ఉత్తరీయం తెచ్చింది. నాకు గుండె దడదడలాడింది, వాళ్ళ పూజలో మన బట్టలేమిటి, ఏమనుకుంటారో అని. అమ్మ ముక్ ముందు నిలబడి, తన మెడని, నుదుటిని చూపించి, పైకి చెయ్యెత్తింది, ఆయన లేడు అన్నట్టుగా. ముక్ లేచి, పళ్ళేల వరస చివర ఒక ఆకు పరిచి, అక్కడ పెట్టమని చూపించింది. ఒక పళ్ళెంలో అన్నం, అరటిపండు, ఆకువక్క తనే సర్ది ఆ బట్టల ముందు పెట్టింది. తర్వాత నన్ను అడిగింది, ఆయన పేరేమిటని. చెప్పాను. ఆ పెద్దాయన పేర్ల వరసలో నాన్న పేరు కూడా పిలిచాడు, వంకరగా, మూడు అక్షరాలు మింగేసి, కానీ పిలిచాడు.

పూజయ్యాక ఆ పంచె నేను కట్టుకున్నాను. పెట్టిన బట్టలు ఇంట్లోవాళ్ళు కట్టుకోవడం మా పద్ధతి.

ఆ మధ్యాహ్నం ఇంటికి ఒక చుట్టం వచ్చాడు, చేతిలో పళ్ళ సంచి. ఆయన బానీ. చామ్ వాళ్ళలో ఇద్దరున్నారు, బ్రాహ్మణ పద్ధతి పాటించే అహియెర్, ఇస్లాంని తమ పద్ధతిలో కలుపుకున్న అవల్, వాళ్ళనే బానీ అంటారు. ఈ రెండు పేర్లూ అరబీ మాటలే, అవల్ అంటే మొదటిది, అహియెర్ అంటే చివరిది. వాళ్ళు వీటిని రెండు మతాలనుకోరు, ఆడా మగా లాగా ఒకటి లేనిదే ఇంకోటి నిలవదంటారు. అహియెర్ పూజారి గొడ్డు మాంసం ముట్టడు, బానీల మతగురువు, అచార్ అంటారు, పంది మాంసం ముట్టడు. బానీల రమువాన్ నెలలో, అంటే వాళ్ళ రంజాన్‌లో, అచార్‌లు మసీదులోనే ఉండి ఊరందరి తరఫునా ఉపవాసం చేస్తారు. ఒకప్పుడు రెండు వైపులకీ గొడవలు ముదిరితే 1627 నుంచి 1651 దాకా ఏలిన పో రోమే అనే రాజు మధ్యలో నిలబడి, ఒకరి పండక్కి ఒకరు రావాలనే పద్ధతి పెట్టాడని చెప్పుకుంటారు. ఆయన గుడి ఈ చుట్టుపక్కలే ఉంది, చంపా రాజులు కట్టిన ఇటుక గోపురాల్లో ఆఖరివాటిలో ఒకటి. అక్కడా అదే రోజు కాటే చేస్తారు.

పోయినవాళ్ళని బానీలు పూడుస్తారు, అహియెర్ వాళ్ళు దహనం చేస్తారు. దహనం తర్వాత నుదుటి ఎముక ముక్కలు తొమ్మిది తీసి చిన్న లోహపు డబ్బీలో దాచి, కొన్నేళ్ళ తర్వాత తల్లి వంశం వాళ్ళ కూట్ అనే చోట, రాళ్ళ కింద పెడతారు. మగవాడు బతికినంతకాలం పెళ్ళాం ఇంట్లో ఉంటాడు, పోయాక ఎముకలు మాత్రం తల్లి దగ్గరికి చేరతాయి. ఇది విని అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. నాన్న అస్థికలు మేము శ్రీరంగపట్టణంలో కావేరిలో కలిపాం. "నీళ్ళల్లో కలిపినా అంతే కదరా, తల్లి దగ్గరికే కదా" అంది రాత్రి పడుకోబోయే ముందు.

బావ్ ట్రుక్ అనే కుమ్మరి ఊరు కూడా చూశాం. అక్కడ కుండలు చేసేది ఆడవాళ్ళు, సారె ఉండదు. మట్టి ముద్ద ఒక పీట మీద ఉంటుంది, చేసే మనిషే వెనక్కి వెనక్కి నడుస్తూ దాని చుట్టూ తిరుగుతుంది, ఒక చెయ్యి కుండ లోపల, ఒక చెయ్యి బయట. 2022లో యునెస్కో దీన్ని అత్యవసరంగా కాపాడుకోవాల్సిన కళల జాబితాలో చేర్చింది. మేము చూసిన ఆవిడకి అరవై ఏళ్ళుంటాయి. ఒక్క కుండకి ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడదామని మొదలుపెట్టి వదిలేశాను.

న్యా ట్రాంగ్‌లో పో నగర్ గుడి ఊరి మధ్యలో, నది సముద్రంలో కలిసే చోట గుట్ట మీద ఉంది. హూ డుక్‌లో చూసిన ఆ రాజ్యపు తల్లికి పెద్ద గుడి ఇదే. 774లో జావా నుంచి ఓడల మీద వచ్చినవాళ్ళు తగలబెట్టారు, పదేళ్ళకి మళ్ళీ కట్టారు. 918లో ఇంద్రవర్మ 3 భగవతికి బంగారు విగ్రహం చేయించాడు, దాన్ని కంబోడియా ఖ్మేర్ సైన్యం ఎత్తుకుపోతే 965లో రాతి విగ్రహం పెట్టారు. ఇప్పుడు వియత్నామీయులు ఆమెని థియెన్ ఇ ఆ నా అన్న పేరుతో తమ అమ్మవారిగా కొలుస్తున్నారు. లోపలికి వెళ్ళాలంటే వాళ్ళిచ్చే పొడుగు అంగీ తొడుక్కోవాలి. అమ్మవారికి పది చేతులు, కానీ పట్టుబట్టల్లో ముఖం తప్ప ఏమీ కనిపించదు. గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళ తల్లికి దండం పెట్టుకుంటున్నారు. అది నాకు ఊరటగానూ అనిపించింది, బాధగానూ అనిపించింది.

ఓడిపోవడం ఒక్కరోజులో జరగలేదు. ఉత్తరాన ఉన్న దాయ్ వియెట్ అనే వియత్నామీయుల రాజ్యంతో వందల ఏళ్ళ యుద్ధాలు. 1177లో కంబోడియాలోని అంకోర్ దాకా ఓడల మీద వెళ్ళి కొట్టిన చామ్ సైన్యాలూ ఉన్నాయి, 1371లో ఇప్పటి హనోయ్‌ని దోచిన చే బోంగ్ న్గా అనే రాజూ ఉన్నాడు, ఏదో నోట్లో వేలు పెడితే కొరకని జనం కాదు వీళ్ళు. కానీ 1471లో విజయ పడిపోయింది, వేలమంది చచ్చిపోయారు, చాలామంది కంబోడియాకి వెళ్ళిపోయారు. ఆఖరికి మిగిలిన పాండురంగని 1832లో వియత్నాం చక్రవర్తి మిన్ మాంగ్ కలిపేసుకున్నాడు. కంబోడియాకి వెళ్ళినవాళ్ళ వంశంవాళ్ళు 1970ల్లో అక్కడ ఖ్మేర్ రూజ్ ఏలిన కాలంలో మళ్ళీ ఊచకోతకి గురయ్యారు.

చివరగా మీ సన్ అనే చోటు, చంపా రాజుల పాత గుళ్ళన్నీ ఉన్నది అక్కడ. డా నాంగ్ నుంచి కారులో వెళ్ళాం, వాన మొదలైంది. కొండల మధ్య గిన్నెలాంటి లోయ. నాలుగో శతాబ్దం చివర భద్రవర్మ అనే రాజు ఇక్కడ భద్రేశ్వరుణ్ణి ప్రతిష్ఠించాడు, రాజు పేరే లింగానికి పెట్టడం, మన సామర్లకోటలో చాళుక్య భీముడు భీమేశ్వరుణ్ణి నిలిపినట్టు. తర్వాత దాదాపు వెయ్యేళ్ళు రాజు తర్వాత రాజు ఇక్కడ కడుతూనే ఉన్నారు. ఏడో శతాబ్దంలో ప్రకాశధర్మ అనే రాజు ఇక్కడ వేయించిన శాసనంలో శక సంవత్సరం 579 అని ఉంది, కౌండిన్యుడి కథ, ద్రోణుడి కొడుకు అశ్వత్థామ ఇచ్చిన ఈటె కథ ఉన్నాయి. ఆ రాజే దగ్గర్లోని ట్రా కియూలో వాల్మీకికి గుడి కట్టించాడు. వాల్మీకికి!

ఫ్రెంచివాళ్ళు లెక్కపెట్టినప్పుడు డెబ్భై దాకా గుళ్ళుండేవి. 1969 ఆగస్టులో అమెరికా బాంబులు పడ్డాయి. అన్నిటికంటే గొప్పదనే ఏ1 గోపురం అప్పుడే కూలింది. ఇప్పుడు ఓ ఇరవై మిగిలాయి. గుళ్ళ పక్కనే బాంబు గుంటలున్నాయి, గడ్డి మొలిచి, వాన నీళ్ళు నిండి, చూస్తే కోనేళ్ళనుకుంటాం. అమ్మ ఒకదాని దగ్గర చెప్పులు విప్పబోయింది, అది కోనేరు కాదమ్మా అని నేను చెప్పాల్సి వచ్చింది. 2017 నుంచి 2022 దాకా మన పురావస్తు శాఖవాళ్ళు ఇక్కడ మూడు గుంపుల గుళ్ళని బాగుచేశారు. 2020లో ఆ పనుల్లోనే తొమ్మిదో శతాబ్దపు ఏకశిలా శివలింగం బయటపడింది. దాన్ని చూశాను. ఇటుకలు చూశాను, ఎంత వెతికినా మధ్యలో సున్నం గీత కనపడదు. అన్నీ బాగున్నాయి, అన్నీ ఖాళీగా ఉన్నాయి. పో క్లాంగ్ గరాయ్ చూసి వచ్చిన కళ్ళకి ఆ ఖాళీ భరించడం కష్టమైంది.

వాన ఎక్కువైతే నాట్యం చూపించే షెడ్డు కిందికి వెళ్ళాం. రోజూ టూరిస్టుల కోసం చామ్ ఆటలు ఆడతారు. ఆట అయ్యాక గినాంగ్ వాయించిన కుర్రాడు డోలు పక్కన కూర్చుని నీళ్ళు తాగుతున్నాడు. మా కారు డ్రైవరు ద్వారా మాటలు కలిపితే, తనది ఫాన్ రాంగ్ దగ్గర పల్లె అనీ, డ్యూటీ ఉండి ఈసారి కాటేకి ఇంటికి వెళ్ళలేదనీ చెప్పాడు. అమ్మ వెంటనే హ్యాండ్‌బ్యాగులోంచి ఫోను తీసింది. పో క్లాంగ్ గరాయ్ గుట్ట మీద మేళం మొదలైనప్పుడు తీసిన వీడియో, చెయ్యి వణికి సగం ఆకాశమే కనపడుతుంది. ఆ అబ్బాయి ఫోను రెండు చేతులతో పట్టుకుని చూశాడు. ఒకచోట ఆపి, జనంలో ఎవరినో వేలితో చూపించి డ్రైవరుతో ఏదో అన్నాడు, వాళ్ళ మేనమామట. మళ్ళీ మొదటి నుంచి పెట్టుకున్నాడు. వాన హోరులో వినపడక ఫోను చెవికి ఆనించుకున్నాడు, రెండో చేతి వేళ్ళు పక్కనున్న డోలు అంచు మీద, చప్పుడు కాకుండా, సరనాయ్‌కి తోడు వాయిస్తూ ఉన్నాయి.